రెండో క్రాసు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. కొట్టక్క అంటే చిన్నా పెద్దా అందరికీ తెలుసు. బళ్ల సామాన్లమ్మే ఆ కొట్టు వెడల్పు చేతులు బార్లా చాపితే రెండు గోడలకీ తగిలేంత. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. గ్రీజు వాసన, అట్ట వాసన కలిసిపోయి, ఇంటికొచ్చి తలంటుకున్నా జుట్టులోంచి పోయేది కాదు. కొట్టు వెనకే ఇల్లు. మధ్యలో ఒక తలుపు, ఒక పాత తెర.

ముందు ఆ కొట్టు ఆవిడ భర్తది. నలభై ఏడో ఏట ఆయన కళ్లకి మసక కమ్మింది. నరం ఎండిపోయింది, ఇక వెలుతురు రాదన్నారు డాక్టర్లు. నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకుని, ఐదో రోజు లేచి, "ఏమే, రేపట్నుంచి నువ్వు కూర్చో, నేను చెప్తాను" అన్నాడు. ఆవిడ బిత్తరపోయింది. అప్పటికి ఆవిడకి నట్టుకీ బోల్టుకీ తేడా తెలియడమే గొప్ప. ఆయన ఒక్కొక్క సామానూ ఆవిడ చేతిలో పెట్టి, "కళ్లు మూసుకుని తడుము. చూసింది మర్చిపోతావు, తడిమింది మర్చిపోవు" అనేవాడు. ఏడాది తిరిగేసరికి మెకానిక్కులు తమలో తాము తేల్చుకోలేని సంగతులు పట్టుకుని ఆవిడ దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

అన్నిటికన్నా ఆవిడ జాగ్రత్తంతా క్రాసుల దగ్గర కనపడేది. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి మోసుకెళ్లే పొడుగాటి గొట్టాన్ని షాఫ్టంటారు. దానికి రెండు కొసలా చెరో కీలు ఉంటుంది. ఆ కీలులో ఉండే ఉక్కు ముక్కే క్రాసు. చూడటానికి లెక్కల్లో కూడిక గుర్తులా ఉంటుంది. నాలుగు కొసలకీ నాలుగు కప్పులు, ఒక్కో కప్పులో సన్నటి సూదులు. అరచేతిలో పట్టే వస్తువే గాని, బండెడు మనుషుల ప్రాణం దాని మీద తిరుగుతుంది.

"ఫలానా పికప్పుకి క్రాసు ఇవ్వక్కా" అని ఎవరైనా అడిగితే ఆవిడ కుర్చీలోంచి లేచేది కాదు. "బండి పేరు నాకెందుకయ్యా? నేనేం పెళ్లిచూపులకొచ్చానా? విప్పిన పాతది బల్ల మీద పెట్టు" అనేది. ముందు కప్పు లావు కొలిచేది. తర్వాత ఈ కప్పు కొస నుంచి ఆ కప్పు కొస దాకా పొడవు. తర్వాత కప్పుని పట్టి ఉంచే లాకు బయటవైపు పడుతుందా, లోపలవైపా. అవన్నీ కుదిరాకే కొత్త పెట్టె చింపేది. రెండు కొసలకీ మారుస్తున్నామంటే రెండు పాతవీ చూపించాల్సిందే. "పాత బండి పేరుకే ఒక బండి. లోపల నాలుగు బళ్లు కాపురం చేస్తుంటాయి" అనేవాడు ఆవిడ భర్త. ఆ మాట ఆవిడకి వేదం.

రోజూ పొద్దున్న తలుపు తీస్తూ, గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి కళ్లు మూసుకునేది. "స్వామీ, ఇవాళ నా చేతి మీదుగా ఎవరికీ కీడు వెళ్లనివ్వకు" అని ఒక్క మాట. అంతే.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. ఊరి చివర, కొండదారి మొదలయ్యే చోట అతనిది మెకానిక్కు షెడ్డు. మంచి పనివాడు. కాని చేతిలో ఉన్నదానితో ఎలాగోలా సరిపెట్టేసే గుణం. రెండేళ్ల కిందట ఎవరి బండికో కప్పు వదులుగా ఉంటే, డబ్బా రేకు కత్తిరించి చుట్టి దిగ్గొట్టాడు. ఆవిడ అది చూసి నలుగురి ముందూ, "ఒరేయ్, మనుషుల్ని చంపుతావురా నువ్వు!" అని అరిచింది. అతను పనిముట్టు కింద పడేసి, "నీ కొట్టు గడప తొక్కితే ఒట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

మాటల్లేకపోయినా పని ఆగదు కదా. ఆ లోటు తపాలా తీర్చేవాడు. తపాలా అంటే పికప్పు నడిపే పెద్దమనిషి. ఊళ్లో బట్టలు కుట్టే యూనిట్లో పనిచేసే పదకొండుమంది ఆడవాళ్లని పొద్దున్న కొండవతలి పల్లె నుంచి తీసుకొచ్చి, సాయంత్రం దింపేవాడు. దారిలో ఎవరి కబురు ఎవరికి అందించాలన్నా ఆయనే. ఆ పదకొండుమందిలో కొట్టక్క కూతురూ ఉంది. పెళ్లయి ఆ పల్లెకే వెళ్లింది.

ఆ రోజు పదిగంటలప్పుడు తపాలా చమటలు కక్కుతూ వచ్చి, కాగితంలో చుట్టిన పాత క్రాసొకటి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఇలాంటివి రెండు."

"రెండోదేదీ?"

"షాఫ్టు ఇంకా బండికే ఉంది. వెనకది కూడా ఇదే కొలతన్నాడు మీ తమ్ముడు. నాలుగింటికల్లా బండి ఇచ్చేయాలి, ఆడపిల్లలు ఎదురుచూస్తారు."

ఆవిడ కొలిచింది. ఇరవై ఏడు మిల్లీమీటర్లు, లాకు బయటవైపు. "వెనకది కూడా విప్పి పంపమను" అన్నమాట నాలుక చివరి దాకా వచ్చింది. కిందటి నెల ఇలాగే అంటే, తపాలా ఆ మాట మోసుకెళ్లాడు, జవాబూ మోసుకొచ్చాడు: "మా అక్కకి నామీద నమ్మకం లేకపోతే వేరే కొట్టు చూసుకుంటానని చెప్పు." ఆ జవాబు విన్న రోజు ఆవిడ అన్నం సహించక లేచిపోయింది. ఉన్న ఒక్క దారమూ తెంపుకోవడం ఎందుకనిపించింది. మాట మింగేసింది. రెండు పెట్టెలూ ఇచ్చేసింది.

అయిదు దాటాక ఎప్పటిలాగే రెండు గ్లాసుల టీ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లింది. ఆయన మంచం మీద కూర్చుని, ఆ రోజు కొట్లో ఏమేం పోయాయో వినేవాడు. కళ్లు పోయాక ఆయనకి అదే దినపత్రిక.

"తపాలా బండికి రెండు క్రాసులు పోయాయి. ఇరవై ఏడువి."

"రెండూ ఇరవై ఏడేనా?" ఆయన గ్లాసు పెదవుల దగ్గర ఆగింది.

"ఆఁ. ఏం?"

"ఆ బండికి వెనక యాక్సిలు మార్చాం కదే. తపాలా కొనకముందు, రాళ్లు తోలేవాళ్ల దగ్గరున్నప్పుడు విరిగితే, పాత లారీ ముక్కల్లోంచి నేనే ఏరి ఇచ్చాను. దాని చెవి, అదే కప్పు కూర్చునే కన్నం, ఇరవై ఏడున్నర. అర మిల్లీమీటరు తేడా."

ఆవిడ చేతిలో గ్లాసు మంచం పట్టీ మీద ఒలికింది. చెయ్యి కాలిందని కూడా తెలియలేదు.

"ఏమే, మాట్లాడవేం? పాతవి రెండూ చూశావుగా?"

ఆయనకి అర్థమైంది. మంచం కోడు పట్టుకుని లేచి నుంచుని, "అమ్మాయి ఆ బండిలోనే కదా వెళ్లేది?" అన్నాడు చిన్నగా.

అర మిల్లీమీటరంటే గోటి మందం కూడా కాదు. కాని అంత వదులున్న చోట కప్పు నిలవదు. చెవిలో అటూ ఇటూ కొట్టుకుని, లాకుని తోసుకుని బయటపడుతుంది. ఎక్కుడులో పడితే బండి ఆగుతుంది, అంతే. దిగుడులో పడితే బండిని గేరులో పట్టి ఉంచే ఇంజను పట్టు ఒక్కసారిగా వదిలిపోతుంది. ఊడిన షాఫ్టు కొస గిరగిరా కొట్టుకుంటూ, పక్కనే పోయే బ్రేకు గొట్టాన్ని తెంపుతుంది. ఇదంతా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్లందరికీ ఆవిడే చెప్పేది, భయపెట్టడానికి.

కూతురికి ఫోను చేసింది. అందుబాటులో లేదంది. తపాలాకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోనెత్తకూడదని ఆయన నియమం. ఆ నియమాన్ని నలుగురిలో మెచ్చుకున్నది ఆవిడే. తమ్ముడి నంబరు వెతికి చేసింది. అతనూ ఎత్తలేదు. షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య వినపడలేదో, అక్క పేరు చూసి ఎత్తలేదో దేవుడికే తెలియాలి.

చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చింది. పక్కన అద్దాలు కోసే కొట్టాయన సగం గీసిన అద్దం అలాగే వదిలి, "ఎక్కడికమ్మా?" అని మాత్రం అడిగాడు. "తమ్ముడి షెడ్డుకి" అంది. ఎందుకని అడగలేదు. మోపెడ్ తీశాడు. దారంతా ఆయన వీపు వెనక ఆవిడ గొణుగుతూనే ఉంది, "స్వామీ, స్వామీ" అని. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అదీ ఒక దయే.

షెడ్డులో పికప్పు నిలిచిన చోట నూనె మరక మాత్రమే ఉంది.

తమ్ముడు చేతులు తుడుచుకుంటున్నాడు. గడపలో అక్కని చూసి గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"వెనకది బిగుతుగా కూర్చుందా?" అంది ఆవిడ. రెండేళ్ల తర్వాత మొదటి మాట అది.

అతని కళ్లు వాలిపోయాయి. ఆ వాలడంతోనే ఆవిడకి తెలిసిపోయింది.

"రేకు చుట్టావు."

"కొంచెం వదులనిపించింది... చెవి అరిగిందనుకున్నాను అక్కా. ఆడవాళ్లకి టైమైపోతోందని తపాలా ఒకటే తొందర. నిన్ను అడుగుదామంటే... ముందుది సరిపోయిందిగా, కొలిచి ఇచ్చింది నువ్వేగా, తప్పు నాదేమోనని..."

"అది అరిగింది కాదురా, అసలే పెద్దది. బండి తియ్యి."

అతను రెండు స్పానర్లు సంచిలో పడేసి మోటారుసైకిల్ తన్నాడు.

కొండదారి ఎక్కుతుంటే పైన మబ్బు పట్టి ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఆవిడ తమ్ముడి భుజం మీంచి తొంగి చూసేది, పికప్పు వెనకభాగం కనపడుతుందేమోనని. కనపడలేదు. ఆవిడ కళ్లు రోడ్డు మీద నూనె చుక్కల కోసం వెతికాయి. ఎక్కడో ఒక లాకు, ఒక సూది మెరుస్తుందేమోనని వెతికాయి. ఏదీ లేదు. లేకపోవడం మంచికో చెడుకో తెలియక ఇంకా భయమేసింది.

"పైన ఆపుతాడక్కా. ఇంజను చల్లారడానికి రోజూ పావుగంట ఆపుతాడు" అన్నాడు తమ్ముడు. గాలికి సగమే వినపడింది.

"తొందరగా పోనీ."

"పోతూనే ఉన్నాను."

"రెండోది విప్పి పంపుంటే పోయేదిగా."

"నువ్వు అడిగుంటే పంపేవాణ్నిగా!"

అతను ఏక్సిలేటరు ఇంకా తిప్పాడు. ఆవిడ అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

కొండ మీద, బళ్లు ఆగే చదును ఖాళీగా ఉంది. అక్కడ మంచినీళ్ల కుండ దగ్గర కూర్చునే ముసలమ్మ, "తపాలా బండా? ఇవాళ ఆగలేదు నాయనా. వానొస్తుందని, బండి కూడా మెత్తగా పోతోందని, చెయ్యూపి దిగిపోయాడు" అంది.

బండి మెత్తగా పోతోంది. కొత్త క్రాసులు కదా.

తమ్ముడు మళ్లీ మోటారుసైకిల్ తన్నాడు. దిగుడు మొదలైంది. ఒక వంపు. రెండు. ఆవిడ ప్రార్థన కూడా మర్చిపోయింది. కూతురి చిన్నప్పటి మొహం గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు, అదొక భయం. మిగతా పదిమంది గుర్తొచ్చారు. వాళ్లలో ఎవరి పేర్లూ తనకి సరిగా తెలియవు. ఎవరెవరి పిల్లలు గుమ్మాల్లో కూర్చుని ఉంటారో.

మూడో వంపు తిరగ్గానే రోడ్డు మీద నూనె చార. ఆ చార పక్కకి లాగి ఉంది, లోయవైపు కాదు, కొండవైపు. చార చివర పికప్పు. ముక్కు మట్టిగట్టులోకి దిగబడి, వెనక చక్రం ఒకటి మురుగుకాలువలో పడి, ఒరిగి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. ఎవరి గొంతూ లేదు.

ఆవిడ బండి ఆగకముందే దూకింది. మోకాలు చీరుకుపోయింది. "అమ్మలూ!" అని అరిచింది. కూతుర్ని పేరుపెట్టి పిలవలేదు. ఎందుకో అలా వచ్చింది నోట్లోంచి.

"ఇక్కడున్నాం" అని బండి అవతలి నుంచి ఎవరో.

అందరూ గట్టుకి జారగిలబడి కూర్చున్నారు. తపాలా వాళ్ల మధ్య కూర్చుని, తల చేతుల్లో పెట్టుకుని ఉన్నాడు. కూతురి నుదుటి మీద చీరుకుని నెత్తురు కారి ఎండిపోయింది. తల్లిని చూసి లేవబోయి లేవలేకపోయింది. కొట్టక్క ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టింది. పదకొండు. నమ్మకం చాలక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"సీటు కింద టక్కు టక్కుమంది, ధన్‌మంది" అన్నాడు తపాలా, ఎవరితోనో చెబుతున్నట్టు. "కాలు బ్రేకు మీద పెడితే నేలదాకా పోయింది. చేతి బ్రేకు లాగి కొండకేసి రుద్దాను. నేనే తప్పు చేశాను. పైన ఆపవలసింది. రోజూ ఆపేవాణ్ని."

యూనిట్లో కాలర్లు కుట్టే ఆవిడని అందరూ కాలరు వదిన అంటారు. ఆవిడ కుడి మణికట్టు వంకరగా వాచిపోయి ఉంది. ఎడంచేత్తో దాన్ని ఒళ్లో పట్టుకుని, ఏడవకుండా పెదవి కొరుక్కుంటోంది.

తమ్ముడు పికప్పు కిందకి పాకి, ఊడిపడిన కప్పు పట్టుకుని బయటికొచ్చాడు. దానికి చుట్టిన రేకు చిరిగి వేలాడుతోంది. దాన్ని గుప్పిట్లో నలిపి జేబులో పెట్టుకోబోయాడు. అక్క చూస్తోందని ఆగి, గుప్పిలి విప్పాడు.

"తప్పు తపాలాది కాదమ్మా" అంది కొట్టక్క. అందరికీ వినపడేలా మళ్లీ అంది. "పాతది ఒక్కటే చూసి రెండు ఇచ్చింది నేను. చిన్నదిచ్చాను. రెండోది అడగవలసింది, అడగలేదు."

"రేకు చుట్టి దిగ్గొట్టింది నేను" అన్నాడు తమ్ముడు.

కాలరు వదిన అంది, "అవన్నీ తర్వాత పంచుకోండి. ఈ చెయ్యి మళ్లీ మిషనెక్కుతుందా లేదా, ముందది ఎవరైనా చెప్పండి."

కొట్టక్క తన కొంగు చింపి, తమ్ముడి సంచిలోని పొడుగు స్పానరు ఆ చేతి కింద పెట్టి కట్టింది. తపాలా కొట్టక్క కూతురికి భుజం ఆసరా ఇచ్చి, మిగతావాళ్లని నడిపించుకుని పల్లెకి దిగాడు. కాలరు వదినని మోటారుసైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, అక్కాతమ్ముళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముక చిట్లిందన్నారు. ఆరు వారాలు కట్టు. ఆ తర్వాత చూడాలి అన్నారు. అంతకు మించి చెప్పలేదు.

తమ్ముడు మర్నాడు కొట్టు గడప తొక్కాడు. షాఫ్టూ, యాక్సిలు చెవీ విప్పి బల్ల మీద పెట్టి, "బావా, నువ్వూ తడుము" అన్నాడు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కొలిచారు. ఆ కొలత క్రాసు కొట్లో లేదు. పక్క ఊరి నుంచి తెప్పిస్తే కప్పు సరిపోయింది, పొడవు రెండు మిల్లీమీటర్లు తక్కువ. "లాకు దగ్గర రెండు వాషర్లు..." అని తమ్ముడు మొదలుపెట్టి, తనే నాలిక్కరుచుకున్నాడు. తిప్పి పంపేశారు. నాలుగోరోజు ఇంకో పెట్టె వచ్చింది. కప్పు, పొడవు, లాకు చోటు, అన్నీ కుదిరాయి. కుదిరాక కూడా ఆవిడ వదల్లేదు. కప్పుని చెవిలో పెట్టి బొటనవేలితో నొక్కి చూసింది. దిగలేదు. సుత్తితో చిన్నగా తడితేనే దిగింది. అప్పుడు తల ఊపింది.

బ్రేకులూ, గట్టుకి నలిగిన ముందుభాగమూ బాగై పికప్పు రోడ్డెక్కడానికి ఇంకో వారం పట్టింది. ఆ సాయంత్రం యూనిట్ ముందు ఆడవాళ్లు టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు గాని ఎవరూ ఎక్కలేదు. కొట్టక్క కూతురు కూడా. తపాలా తలుపు తీసి పట్టుకుని, ఎవరినీ పిలవలేక నేల చూస్తున్నాడు.

కొట్టక్క వచ్చి, చీర పైకి దోపుకుని, వెనక చక్రం మీద కాలుపెట్టి ఎక్కింది. షాఫ్టు సరిగ్గా కాళ్ల కింద తిరిగే చోట, చెక్క మీద కూర్చుంది. తమ్ముడు ఎక్కి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత, చేతి కట్టు డాక్టరుకి చూపించుకుని వచ్చిన కాలరు వదిన, "నాకు ఇంటికి పోవడానికి వేరే దారేం ఉంది గనక" అని గొణుక్కుంటూ చెయ్యందించింది. తమ్ముడు పైకి లాగాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. కూతురు చివర ఎక్కింది.

కొండ మీద తపాలా బండి ఆపాడు. పావుగంట కాదు, అరగంట. తమ్ముడు కిందకి దూరి, ఒక్కో కప్పూ తడిమి, "ఉంది. ఉంది. ఉంది. ఉంది" అని పైకి వినపడేలా చెప్పాడు. ఒకరిద్దరు నవ్వారు.

దిగుడు మొదలవగానే నవ్వులు ఆగిపోయాయి. కొట్టక్క అరికాళ్లు చెక్కకి నొక్కిపెట్టి, కింద తిరిగే చప్పుడు వింటోంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఏదైనా టక్కుమంటే కాళ్లకే ముందు తెలుస్తుందని ఆవిడ లెక్క. రాయి తగిలినప్పుడల్లా పక్కనున్న కాలరు వదిన బాగున్న చెయ్యి పట్టుకునేది. అది ఎవరి చెయ్యో చూసుకోలేదు. పట్టుకోనిచ్చిన ఆవిడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కొంతసేపటికి, "ఇక కళ్లు తెరవండి కొట్టక్కా, వంపులైపోయాయి" అంది కాలరు వదిన.

"లేదు" అంది కొట్టక్క, కళ్లు తెరవకుండానే. "ఇంకొకటుంది."

కాలరు వదిన ముందుకి చూసింది. నిజంగానే ఉంది. కట్టున్న చెయ్యి ఒళ్లోకి దగ్గరగా తీసుకుని, తనూ కళ్లు మూసుకుంది.